పాత బ్లాకు ముందుగోడ

కాలేజీకి అందమంతా పాత బ్లాకులోనే ఉందని చరిత్ర మేడం ప్రిన్సిపాల్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. దాన్ని పడగొట్టి ఆడిటోరియం కడతారట. అది పోతే ఆవిడ శాఖకున్న రెండు గదులూ పోతాయి. కొత్త బ్లాకులో కంప్యూటర్లకే చోటు చాలడం లేదు, చరిత్రకెవరిస్తారు? గదులు లేని శాఖలో పిల్లల్ని చేర్చుకోరు. అంటే కొంప మునిగినట్టే. ఆ మాట మాత్రం ఆవిడ పైకి అనలేదు, స్వార్థమనుకుంటారని భయం.

అందుకని అందాన్ని పట్టుకుంది. కమానులు, ఎర్ర ఇటుకలు, సాయంత్రపు ఎండలో గోడకొచ్చే రంగు, అన్నీ ఏకరువు పెట్టింది. ఇంట్లోనూ అదే గోల. నన్నేనాడైనా ఇంత పొగిడావా అని భర్త ఎత్తిపొడిచాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ లెక్కల మాస్టారు ఒక్కడే మందలించాడు.

"అమ్మాయ్, గదులు కావాలని సూటిగా అడుగు. అందం గొడవ నీకెందుకు?"

వింటేగా.

చివరికి కాలేజీ కమిటీ కరిగింది. ఆ అందాన్ని పోగొట్టుకోబోమని ప్రిన్సిపాల్ స్వయంగా పిలిచి మాటిచ్చాడు. ఆ రోజు ఆవిడ కాళ్లు నేలమీద నిలవలేదు. స్టాఫ్ రూములో అందరికీ టీ తెప్పించింది.

సెలవులయ్యాక వచ్చి చూస్తే ముందుగోడ ఉంది. కమానులు, కిటికీలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఇటుకలు కడిగి తళతళలాడించారు. వెనక మాత్రం ఏమీ లేదు. గదులన్నీ నేలమట్టం చేసి ఆడిటోరియానికి పునాది తవ్వుతున్నారు. గోడ పడిపోకుండా ఇనుప దూలాలు ఆనించారు.

ప్రిన్సిపాల్‌కి ఇందులో మోసమేమీ కనబడలేదు. మీరడిగినవన్నీ ఉంచాం కదా మేడం అన్నాడు, నిజంగానే సంతోషపడుతూ. ఆవిడ అడిగినవాటిలో గదుల మాట లేదు మరి, ఎవర్ని తిట్టాలి?

ఉన్న కాసిని పిల్లల్ని వేరే కోర్సుల్లో సర్దేశారు. మేడంని అడ్మిషన్ల ఆఫీసులో కూర్చోబెట్టారు.

ఒక ఉదయం ప్రచారం ఫొటోలకు రమ్మని కబురొచ్చింది. గోడ వెనక కట్టిన చెక్కలెక్కి, కిటికీ దగ్గర పాఠం చెబుతున్నట్టు నిలబడాలట. బయటివాళ్లకు లోపల క్లాసు జరుగుతున్నట్టు కనిపిస్తుందట. కాదనే ఓపిక కూడా ఆవిడలో మిగల్లేదు. ఎక్కి నిలబడింది.

"ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి మేడం," బయటినుంచి ఫొటోగ్రాఫర్ కేకేశాడు. "ఏం చెప్పినా ఫర్లేదు, ఫొటోలో వినబడదుగా."

ఆవిడ పునాది గుంటవైపు తిరిగింది. సెలవులకు ముందు సగంలో ఆగిన పాఠం, ఆగిన చోటినుంచే అందుకుంది. అలవాటు కొద్దీ చివరి బెంచీదాకా వినబడేలా గొంతు పెంచింది. కింద తవ్వుతున్న కూలీలు తమనేదో అంటోందనుకుని గునపాలు ఆపి, తలలెత్తి చూశారు.

"మిమ్మల్ని కాదు నాయనా," అందావిడ. "మీ పని మీరు కానివ్వండి."

వాళ్లు మళ్లీ తవ్వసాగారు.