హేమావతికి ఫోటో లేదు

ప్రతిమ వేసే బొమ్మలన్నీ పోయినవాళ్ళవే. కావాలని ఎంచుకున్న పని కాదది. చిక్కబళ్ళాపురంలో చిత్రకళ మూడో ఏడు చదువుతుండగా మండికల్‌లో పెదనాన్న మునినారాయణ పోయాడు. పదకొండో నాటికి దండ వేసి పెట్టడానికి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఆధార్ కార్డు మీద తపాలా బిళ్ళంత ముఖం ఒకటుంది. ప్రతిమ దాన్ని దగ్గర పెట్టుకుని రెండు రోజులు కూర్చుని పెన్సిలుతో పెద్ద బొమ్మ వేసింది. కార్డులో ఏదో తప్పు చేసి పట్టుబడ్డవాడిలా ఉన్న మనిషి, కాగితం మీద మళ్ళీ పాల డెయిరీ ముందు నిలబడి నవ్వే మనిషయ్యాడు. దినానికి వచ్చిన చుట్టాలు చూశారు. అప్పటినుంచి చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట్లో చావు జరిగినా, ఆమె సెల్‌కు ఒక మసక ఫోటో వచ్చేది.

పాఠం చెప్పే పురుషోత్తమ్ సార్ ఆ బొమ్మలన్నీ బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు.

"చెయ్యి బాగుండాది ప్రతిమా. గీత యాడా తప్పలేదు. కానీ ఇది ఫోటోను చూసి ఇంకో ఫోటో వెయ్యడమే గదా. దీంట్లో నువ్వు యాడుండావు?"

ప్రతిమ బొమ్మలను ఒక్కొక్కటీ తిరిగి అట్టలో సర్దుకుంది. ఇప్పుడు ఆమెది ఆఖరి ఏడు. ఆ ఏడు వాళ్ళందరి పనినీ ఏప్రిల్‌లో చింతామణిలో ప్రదర్శనకు పెడతారు. ఎవరి బొమ్మల పక్కన వాళ్ళు, ఆ పనికి స్ఫూర్తి ఎక్కడినుంచి వచ్చిందో ఒక పేజీ రాసి అంటించాలి. ఆమె క్లాసులోని సోమేనహళ్ళి నందీశ్ తన పేజీ ఒక్క పూటలో రాసేశాడు. వాళ్ళ నాన్న చేలో వేయించిన బోర్లలో నీళ్ళు పడనివి ఐదు. తవ్వినప్పుడు పైకొచ్చిన రాతిపొడిని నందీశ్ గోనెసంచుల్లో మోసుకొచ్చి, జిగురులో కలిపి, ఆ రంగుతోనే పొలం బొమ్మలు వేశాడు. ఇంకో క్లాస్‌మేట్ నయన, వాళ్ళమ్మ పట్టుపురుగులు గూళ్ళు కట్టడానికి వాడే వెదురు చంద్రికల మీద బొమ్మలు వేస్తోంది. ప్రతిమ పేజీ మాత్రం సంక్రాంతి దాటినా తెల్లగానే ఉంది.

ఆ నెలాఖరున అక్కయమ్మ వచ్చింది. బాగేపల్లి దగ్గర గూళూరు నుంచి రెండు బస్సులు మారి, కాలేజీ గేటు ముందు ఎండలో నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. ఎవరింట్లోనో ప్రతిమ వేసిన బొమ్మ చూసి, అడ్రసు రాయించుకుని వచ్చింది.

"నా బిడ్డ బొమ్మ కావల్ల అమ్మణ్ణీ. హేమావతి. నాలుగో క్లాసులో జొరమొచ్చి పోయింది. ఇరవై ఏండ్లాయ."

"ఫోటో ఇయ్యండమ్మా, చేస్తాను."

"ఫోటో లేదు. నేను చెప్తాను, నువ్వు ఎయ్యి."

ప్రతిమ వద్దనబోయింది. ఆ మనిషి ముఖం చూసి అనలేకపోయింది.

ఆదివారం నందీశ్ బండి వెనక కూర్చుని గూళూరు వెళ్ళింది. అక్కయమ్మ వాకిట్లో చాప వేసింది. ముఖం గుండ్రమా, కోలా? ముక్కు తల్లిదా, తండ్రిదా? ప్రతిమ అడుగుతూ పోయింది, అక్కయమ్మ చెబుతూ పోయింది. చెప్పినట్టే వేసి చూపిస్తే, కాగితం దూరంగా పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈ బిడ్డ కాదు."

కళ్ళు మార్చింది. నుదురు తగ్గించింది. "ఈ బిడ్డ కాదు." మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళింది. ఆ తరువాతి ఆదివారమూ వెళ్ళింది. ఒక్కో కాగితంలో ఒక్కో పిల్ల పుట్టుకొస్తోంది. బుగ్గలున్న పిల్ల, పళ్ళు ఊడిన పిల్ల, అలిగిన పిల్ల. అక్కయమ్మ ఒక్కొక్కదాన్నీ పక్కన పెడుతోంది. ప్రతిమ వాటిని పారేయలేక అట్టల మధ్య సర్దుకుని వెంట తెచ్చుకునేది.

అక్కయమ్మ భర్త రామాంజినప్ప మంచి రైతు. ఎవరింటికి వచ్చినా మజ్జిగ ఇవ్వకుండా పంపని మనిషి. కానీ ప్రతిమ సంచిలోంచి కాగితాలు తీసిందంటే తువ్వాలు భుజాన వేసుకుని చేనికి వెళ్ళిపోయేవాడు.

"ఆయనకిది ఇష్టం లేదామ్మా?" అని ఒకరోజు అడిగింది ప్రతిమ.

"ఒక పోటో ఉండె పాపా," అంది అక్కయమ్మ. "శాలెలో నాలుగో క్లాసు పిల్లోళ్ళందర్నీ నిలబెట్టి తీసింది. బిడ్డను పూడ్చేనాడు ఆయప్ప ఆ పోటో, పలక, రిబ్బన్లు, గౌన్లు అన్నీ దాంతోపాటే గుంతలో పెట్టేసె. ఇంట్లో ఏదీ కండ్లకు కనపడకూడదనె. నేను అప్పుడు అడ్డం చెప్పే తెలివిలో లేను."

నాలుగో ఆదివారం వేసిన బొమ్మ ప్రతిమకే నచ్చింది. ఇదే అయి ఉంటుందనుకుంది. అక్కయమ్మ దాన్ని మిగతావాటికంటే ఎక్కువసేపు చూసింది. చూసి, ఒళ్ళో పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు అబద్ధం చెప్తాండాను అమ్మణ్ణీ. ఇది హేమావతి అవునో కాదో నాకు తెలీదు. ముక్కు ఇట్ల, కన్ను అట్ల అని చెప్పిందంతా నోటికొచ్చింది చెప్తిని. మొకం పోయింది. పోయినేడు ఒకనాడు పొద్దున లేచి తల్చుకుంటే రాలేదు. మళ్ళీ వస్తాదిలే అనుకొంటి. రాలేదు. కన్నదాన్ని, మొకం మరిచిపోతి. ఎవురికని చెప్పేది? నువ్వు ఏస్తా పోతే యాడో ఒకచోట కనపడతాదేమోనని పిలిపిస్తిని."

ప్రతిమ పెన్సిలు కింద పెట్టింది. ఇన్నాళ్ళూ తను అడిగిన ప్రశ్నలన్నీ ఆ తల్లిని ఎక్కడ పొడిచాయో అప్పుడు అర్థమై సిగ్గుపడింది.

అక్కయమ్మే మళ్ళీ అందుకుంది.

"ఎంత తల్చుకున్నా దాని తల ఎనకపక్కే కనపడతాండాది. దినామూ పొద్దున జడేసేటప్పుడు నా ముందర కూకునేది గదా. ఒకచోట నిలకడగా కూకోదు. నేను పొయ్యి మింద సంగటి పెట్టి, ఒక కన్ను దానిమింద, ఒక కన్ను దీని తలమింద. మొకం చూసేకి యాడ టైముండె? ఆ తలే చూసినాను ఐదారేండ్లు."

"ఆ తల ఎట్లుండేదమ్మా?"

అక్కయమ్మ నోటితో చెప్పలేదు. "ఇట్ల రా," అని ప్రతిమను ముందర కూర్చోబెట్టుకుని, ఆమె జడ విప్పింది. వేళ్ళతోనే పాపిడి తీసి రెండు పాయలు చేసింది. ఎడమ పాయ గట్టిగా, కుడి పాయ కొంచెం వదులుగా అల్లింది. కుడివైపుకు వచ్చేసరికి ఎప్పుడూ పిల్ల లేచిపోయేదట. మెడ మీద జుట్టు మొదలయ్యేచోట సుడి ఉండేది, అక్కడ నాలుగు వెంట్రుకలు ఏ జడకూ అందేవి కావు. నీలం యూనిఫారానికి వెనక పై గుండీ ఊడిపోతే పిన్నీసు పెట్టేది. చెవి వెనక ఎప్పుడూ పలక బలపం మరక. అల్లుతూ అల్లుతూ అక్కయమ్మ చెబుతుంటే, ఆ వేళ్ళు ఒక్కసారి కూడా తడుముకోలేదు. తన తల మీద ఆ చేతులు వెతుకుతున్నది తనను కాదని తెలిసి, ప్రతిమ కదలకుండా కూర్చుంది.

తరువాత బొగ్గు తీసుకుని వెనకనుంచి వేయడం మొదలుపెట్టింది. పొద్దు నడినెత్తి దాటేదాకా వేసింది. అక్కయమ్మ పక్కనే కూర్చుని చూసింది. "పాపిడి ఇంకొంచెం వంకర, రెండు చెవులకూ కమ్మలు ఎయ్యి," అంది ఒకసారి. "మెడ సన్నం చెయ్యి, మా బిడ్డ తిండికి గట్టిది కాదు," అంది ఇంకోసారి. అయిపోయాక కాగితం ఆమె చేతికిస్తే, కాదనలేదు. వేలితో ఆ సుడి చుట్టూ తాకకుండా గాలిలోనే తిప్పింది.

అప్పుడే రామాంజినప్ప భోజనానికి వచ్చాడు. వీళ్ళు సర్దేసుకుని ఉంటారనుకున్నట్టున్నాడు. కాళ్ళు కడుక్కుని గడప దాటబోతూ, భార్య ఒళ్ళోని బొమ్మ చూసి ఆగిపోయాడు. అలా ఎంతసేపు నిలబడ్డాడో. తువ్వాలు జారి కింద పడినా తీయలేదు.

"దాని కుడి చెవికి అప్పుడు కమ్మ లేదు," అన్నాడు.

అక్కయమ్మ తలెత్తింది. "రెండుండె గదా. ఆస్పత్రిలో పోయిందంటివి."

రామాంజినప్ప గడప మీద కూర్చున్నాడు. భార్యను చూడకుండా, వాకిట్లో ఎండను చూస్తూ చెప్పాడు.

"ఆస్పత్రిలో పోలేదు. నువ్వు మీ అమ్మకు బాగలేదని పోయుంటివి. శనక్కాయలు పీకతాండారని దాన్ని చేనికి పిల్చుకపోతిని. ఆడ కమ్మ పోగొట్టుకునె. చెవి పూడుకుపోతాదని తనే యాపపుల్ల ఇరిచి పెట్టుకునె. సాయంత్రం చూసి నేను కొడ్తిని. రెండు దెబ్బలు. ఏడవలేదు. అమ్మకు చెప్పొద్దు నాయినా అనె. రెండోనాటికి జొరమొచ్చె. నువ్వొచ్చే లోపల పుల్ల నేనే తీసేస్తిని."

పక్క పాకలో ఆవు గొలుసు లాగింది.

"దెబ్బకు జొరం రాదప్పా," అంది ప్రతిమ మెల్లగా.

"రాదని డాక్టరప్ప గూడా చెప్పె," అన్నాడు రామాంజినప్ప. "చెప్తే మాత్రం?"

అక్కయమ్మ ముఖంలో కోపముందో, దుఃఖముందో ప్రతిమ పోల్చుకోలేకపోయింది. ఆమె బొమ్మను ప్రతిమ ముందుకు జరిపింది.

"పుల్ల ఎయ్యి," అంది.

ప్రతిమ కుడి చెవి కమ్మను రబ్బరుతో చెరిపి, అక్కడ చిన్న వేపపుల్ల వేసింది. వేలెడంత కూడా లేని గీత.

అక్కయమ్మ కంచంలో సంగటి పెట్టి భర్త ముందుంచింది, తనూ పెట్టుకుని కొంచెం ఎడంగా కూర్చుంది. ప్రతిమకూ పెట్టింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. బొమ్మను అక్కడే వదిలి ప్రతిమ బయలుదేరింది.

దారిలో ఆమె చెప్పిందంతా విని నందీశ్ బండి ఆపి మరీ అడిగాడు. "అదే గదా నీ పని. ప్రదర్శనకు అది పెట్టకుండా ఇంకేం పెడ్తావు? నాలుగు దినాలకు అడిగి తెచ్చుకో. ఫోటో అన్నా తీసుకునుంటే ప్రింటు తీయొచ్చు."

"తీయలేదు."

"ఏమిటికి?"

"అది వాళ్ళది, నందీశా."

నందీశ్‌కు అర్థం కాలేదు, బండి స్టార్టు చేశాడు. ప్రతిమకు కూడా పూర్తిగా అర్థమైందని చెప్పలేం. ఆ బొమ్మ అంత బాగా మళ్ళీ వేయగలనో లేదోనన్న బాధ ఆమెకూ ఉంది. రెండు మూడు రోజులు సరిగా నిద్ర పోలేదు. తరువాత ఒకనాడు హాస్టల్లో మంచం కింద ఉన్న అట్టలు విప్పి, కాదనిపించుకున్న ముఖాలన్నీ నేల మీద పరిచింది. ముప్పై దాటాయి. ఎవరూ కాని పిల్లలు. ఒక తల్లి తన బిడ్డ ముఖం వెతుక్కుంటూ తోసేసిన ముఖాలు. అక్కయమ్మకు ఫోన్ చేసి, వీటిని ప్రదర్శనలో పెట్టుకోవచ్చా అని అడిగింది. "పెట్టుకో పాపా," అంది ఆమె, "మా పేర్లు గూడా రాసుకో. దాంట్లో దాచేది ఏముండాది ఇంక."

చింతామణిలో ప్రదర్శన ఒక కల్యాణ మంటపంలో పెట్టారు. నందీశ్ రాతిపొడి పొలాల ముందు జనం మూగారు. ప్రతిమ ముఖాలను ఒకే వరుసలో, పదేళ్ళ పిల్ల నిలబడితే ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తులో కట్టింది. పక్కన అంటించిన పేజీలో మూడే వాక్యాలు: "వీళ్ళెవరూ గూళూరు హేమావతి కారు. ఆమెను వెతుకుతూ వాళ్ళమ్మ అక్కయమ్మ చెబుతుంటే నేను వేసినవి. ఆమె దొరికిన బొమ్మ వాళ్ళింట్లో ఉంది."

మార్కులు వేయడానికి వచ్చిన పెద్దాయనకు తెలుగు చదవడం రాదు, ఆ పేజీని కన్నడలో రెండుసార్లు చెప్పించుకున్నాడు. అసలు బొమ్మ చూడకుండా మార్కులు ఎలా వేయాలని అడిగాడు. ప్రతిమ, "మీ ఇష్టం సార్," అంది. మొదటి బహుమతి నందీశ్‌కు వచ్చింది. దానికి తగినవాడే. పురుషోత్తమ్ సార్ మాత్రం ఆ వరుస ముందు చివరిదాకా నడిచి, తిరిగి మొదటికి వచ్చి, ఆమె భుజం తట్టి వెళ్ళాడు.

రెండో రోజు మధ్యాహ్నం జనం పలచబడ్డాక అక్కయమ్మ, రామాంజినప్ప వచ్చారు. ఆయన ఉతికిన పంచె కట్టుకున్నాడు. చెప్పులు బయట విడవబోతుంటే, అక్కర్లేదప్పా అని ప్రతిమ చెప్పినా విడిచే వచ్చాడు. ప్రతిమ వాళ్ళకు కుర్చీలు తేబోయింది. వద్దన్నారు. మొదటి ముఖం నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ నడిచారు. రామాంజినప్ప వాటిని చూడడం అదే మొదలు.

సగం దాటాక ఒకచోట ఆయన ఆగాడు.

"ఈ గడ్డం కొంచెం దాని మాదిరే ఉండాది."

"యాడ?" అని అక్కయమ్మ దగ్గరికి వచ్చింది.

"ఈడ. నవ్వితే ఇట్ల సొట్ట పడేది. ఎడమపక్క."

"ఎడమపక్కనా?"

"ఎడమపక్కనే. నాకు బాగా తెలుసు."

అక్కయమ్మ ఆ గడ్డాన్ని చూస్తూ నిలబడిపోయింది. పోయిన ముఖంలో ఒక ముక్క ఇన్నేళ్ళూ తన పక్కన పడుకున్న మనిషి దగ్గరే ఉందని ఆమెకు తెలియలేదు. "ఇంకేం తెలుసు నీకు?" అని అడిగింది. గొంతులో నిష్ఠూరముంది, ఆత్రమూ ఉంది.

రామాంజినప్ప చెప్పసాగాడు. నెమ్మదిగా, ఒక్కో మాట వెతుక్కుంటూ. ముందు పన్ను ఒకటి చిన్నగా విరిగి ఉండేదన్నాడు. ఇంత పొడుగుండేది అంటూ అరచెయ్యి నడుము దగ్గర పట్టాడు.

"కాదు," అంది అక్కయమ్మ. ఆయన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ఇంకొంచెం పైకి లేపింది. "నాలుగో క్లాసుకు ఇంత వచ్చె."

ఆయన చెయ్యి దించలేదు. ఇద్దరూ ఆ చేతి కింద ఖాళీని చూస్తూ నిలబడ్డారు. మంచినీళ్ళ సీసా పట్టుకుని వస్తున్న ప్రతిమ వాకిలి దగ్గరే ఆగి, వాళ్ళ మాటలు అయ్యేదాకా లోపలికి వెళ్ళలేదు.