బ్యాగుకు మూడో సాక్షి

నేను ఒక మాటను. బరువులు మోసే వస్తువుకు పేరునే గాని, నా బరువు ఒక్క ఊపిరంత. పుట్టింది ఉత్తరాన, మంచుదేశాల ఓడవాళ్ల నోట. వాళ్లు నన్ను ‘బగ్గి’ అనేవారు, మూట అని అర్థం. అంతకుముందు నేనెవరి బిడ్డనో పండితులు తేల్చలేదు, నాకూ గుర్తులేదు. ఇంగ్లండు చేరాక తోక కత్తిరించి ‘బ్యాగ్’ అన్నారు. తెలుగునేలకు వస్తే కొత్త తోక తొడిగి ‘బ్యాగు’ అన్నారు. ఇక్కడి ‘సంచి’ కొన్నాళ్లు మూతి ముడిచినా, తర్వాత సర్దుకుపోయింది.

ఇంత తిరిగినా నాకొక బెంగ ఉండేది. తెనాలిలో పరిమి సోమనాథశర్మగారు ఇరవై ఏళ్లుగా నిఘంటువు కూరుస్తున్నారు. అందులో నాకు చోటు కావాలి. ఆయనదో నియమం. పరాయి మాట తెలుగైందని ఒప్పుకోవాలంటే బడి ముఖం చూడని ముగ్గురు, ఎవరూ అడగకుండా, ఆ మాట అనగా ఆయన చెవులారా వినాలి. విన్న వాక్యాన్నీ అన్నవారి పేరునూ చీటీ మీద రాసుకుంటారు. నాకు రెండు చీటీలే వచ్చాయి. ‘బ’ అక్షరం ఆ రోజే అచ్చుకు వెళ్తోంది. మూడోది రాకపోతే నన్ను కొట్టేస్తారు. భయంతో చచ్చాననుకోండి.

‘బ’ చీటీలన్నీ గుడ్డసంచిలో పెట్టుకుని, అచ్చాఫీసులో ఇవ్వడానికి ఆయన గుంటూరు బస్సెక్కారు. ఏదో సమాసం విడదీసుకుంటూ గుంటూరు బస్టాండులో దిగిపోయారు. సంచి సీటు మీదే ఉండిపోయింది, బస్సు కదిలింది. కిటికీల దగ్గర జామకాయలు అమ్ముకునే దానమ్మ అది చూసి బస్సు వెంట పరుగెత్తింది.

“కండక్టరు బాబూ, ఆపయ్యా. పెద్దాయన బ్యాగు లోపలే ఉండిపోయింది.”

సంచి చేతికి రాగానే శర్మగారి కళ్లు చెమర్చాయి. మరుక్షణం కలం తీశారు.

“నీ పేరేమిటమ్మా? బడికి వెళ్లావా ఎప్పుడైనా?”

“పేరెందుకండీ? నేనేం తియ్యలేదు, కావాలంటే ఇప్పి చూసుకోండి. బడా, నా మొహమా.”

ఆయన సంగతంతా విడమరిచి చెప్పారు.

“ఆ మాటకేనా? నేనూ సంచీ అనేదాన్నేనండీ. మా మనవరాలు నవ్వుద్దని బ్యాగంటన్నా.”

శర్మగారు నవ్వి, రాయడం ఆపలేదు.

పుస్తకం అచ్చయ్యాక ఆయనే బస్టాండుకు తెచ్చారు. నా పేరు, అర్థం, కింద ఆమె వాక్యం, ‘దానమ్మ, గుంటూరు’. దానమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

“ఇందులో నేనెక్కడున్నానండీ?”

ఆయన చూపించిన చోట వేలు పెట్టింది. కాయలకు బేరం వచ్చినా తియ్యలేదు. ఆమె పేరు పక్కన, ఆ వేలి నీడలో, నేను హాయిగా ఉన్నాను.