రోడ్డుకు పది అడుగులు

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన మరుసటేడు ఊరి చుట్టూ ఉన్న జొన్నచేలన్నీ ఇళ్ల స్థలాలైపోయాయి. పంపకాల్లో పాతపేటలోని ఇల్లు బావగారి కొడుకులకు పోయి, పుల్లమ్మకు ఊరి బయట అలాంటి స్థలమొకటి దక్కింది. భర్త పోయి అప్పటికి మూడేళ్లు. బట్టల అంగడి చూసుకునే కొడుకు రామకోటయ్య, "నీకెట్ల కావాలంటే అట్ల కట్టిస్తా, సెప్పుమా" అన్నాడు.

ఆమెకు కావలసింది వీధి అంచున ఒక అరుగు. పాతపేటలో వాళ్ల అరుగు సందులోకి చొచ్చుకొచ్చి ఉండేది. పొద్దు వాలితే చాలు, భర్త అంగడి కట్టేసి వచ్చి అక్కడే కూర్చునేవాడు. దారినపోయేవాళ్లు ఒక్క మాటకని నిలబడి, కూర్చుని పది మాటలు చెప్పి పోయేవాళ్లు. గడప లోపల బియ్యం ఏరుకుంటూ పుల్లమ్మ అన్నీ వినేది. పక్కింటికీ తమకూ గోడ ఒకటే. అవతల నాగలక్ష్మమ్మ రోట్లో ఏం నూరుతోందో ఇక్కడికే తెలిసేది.

కొత్త స్థలంలో పునాదికి ముగ్గు పోసిన రోజున మున్సిపాలిటీ ఓవర్సీరు దావీదురాజు టేపుతో వచ్చాడు. కొలిచి, తల అడ్డంగా ఊపాడు.

"రోడ్డుకు పది అడుగులు వదిలి కట్టుకోవాలమ్మా. రెండు పక్కలా ఐదేసి అడుగులు ఖాళీ ఉండాల. అరుగు రోడ్డు మీదికి రాకూడదు."

"మా జాగాలో మేం కట్టుకునేదానికి నీ అడ్డమేందప్పా?"

"నాది కాదు, రూలు."

"మనుషులు మాట్లాడుకోకూడదని గూడా రాసినారా మీ రూల్లో?"

దావీదురాజు కోపగించుకోలేదు. "మాదీ పాతపేటనేమ్మా. నేను సదువుకునింది అరుగు మీదనే. మా నాయనకు కలరా తగిలినపుడు బండి సందులోకి రాలేదు. మంచం మీద మోసుకుని పెద్దరోడ్డు దాకా పోయేతలికి..." అంటూ టేపు చుట్టుకున్నాడు.

భర్త పాడెను ఆ సందు మలుపులో పక్కకు వంచి తిప్పిన సంగతి పుల్లమ్మకు గుర్తొచ్చింది. కొడుకును పిలిచి ముగ్గు వెనక్కి జరిపించింది.

ఐదు నెలల్లో ఇల్లు లేచింది. రోడ్డుకు పది అడుగులు వదిలి, ఇంటి ముందు నల్లటి కడప బండలు పరిచిన అరుగు. చుట్టుపక్కల అందరూ ముందు ప్రహరీ కట్టి ఇనుప గేట్లు పెట్టుకున్నారు. పుల్లమ్మ మాత్రం మేస్త్రీని గోడ జోలికి పోనివ్వలేదు.

కట్టడం చూసిపోవడానికి వచ్చిన దావీదురాజు, "ముందర గోడ యాడమ్మా?" అన్నాడు.

"జాగా వదలమన్నావు, వదిలినా. గోడ కట్టాలని మీ కాగితంలో ఉండాదా?"

ఆయన కాగితాలు తిరగేశాడు. ఎక్కడా లేదు. నవ్వేసి సంతకం పెట్టాడు.

ఇంట్లో చేరాక వారం దాకా అరుగు మీదికి ఎవరూ రాలేదు. ఆ పది అడుగులు దాటడానికి జనానికి మొహమాటం. ఎనిమిదో రోజున ఎదురు స్థలంలో ఇటుకలు మోసే ఈరక్క ఎండకు తాళలేక వచ్చి నిలబడింది.

"రవ్వంతసేపు కూసుందునా అమ్మా?"

"కూసోమ్మా. ఏ ఊరు మీది?"

"కోసిగి. ఆడ వానల్లేవు."

మరునాడు ఈరక్క వెంట ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్లు చెప్పే ఊళ్లూ మనుషులూ పుల్లమ్మ ఎరగనివి. భర్త ఉంటే ఇంకా ఎన్నో అడిగేవాడు కదా అనిపించింది. బియ్యం చేట తీసుకుని గడప దాటి వచ్చి, వాళ్ల పక్కనే కూర్చుని, ఆయన అడిగేవన్నీ తానే అడగడం మొదలుపెట్టింది.