తస్లీమా లాగిన్

“నా బాక్సు ఖాళీగా ఉండాదేంది తస్లీమా?” అన్నాడు పెంచలప్రసాద్, స్క్రీను మీద వేలు పెట్టి.

ఆత్మకూరులో ఆ పాల కంపెనీ ఆఫీసుకు మేనేజరాయన. తస్లీమా కంప్యూటర్ ఆపరేటరు, ఉదయగిరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది. కంపెనీ వాళ్ళకు మాత్రమే తెరుచుకునే పేజీ ఒకటుంది. ఎవరు లాగిన్ అయితే వాళ్ళు క్లౌడ్‌లో దాచుకున్న ఫైళ్లు ఆ పేజీలోనే కనపడేట్టు ఒక బాక్సు పెట్టమని నెల్లూరు హెడ్డాఫీసు అడిగింది. తస్లీమాకు ఎవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, తప్పులు చేసి, దిద్దుకుని, వారంలో పెట్టేసింది. దాని నెత్తిన ‘నా ఫైళ్లు’ అని పేరు రాసిందీ ఆమే.

మేనేజరు తన పేరుతో లాగిన్ కావడం నాలుగేళ్లలో అదే మొదటిసారి. ఆ ఆఫీసు అలవాటు అట్లాంటిది. ఎవరికి ఏం కావాలన్నా తస్లీమా లాగిన్‌లోనే పని. “నీ దాంట్లోనే కొట్టెయ్‌మ్మా, మనమంతా ఒక ఇల్లే కదా” అనేవాడు ఆయన. మర్రిపాడు, కలిగిరి, చేజర్ల కేంద్రాల నుంచి వచ్చే పాల వివరాలన్నీ కూర్చి నెలనెలా రిపోర్టు రాసేది తస్లీమా. కింద పేరు మాత్రం పెంచలప్రసాద్, మేనేజర్. ఆ రిపోర్టులంటే హెడ్డాఫీసులో మహా గౌరవమట. ఆయనే చెప్పుకునేవాడు.

“నీ దాంట్లో ఉండే రిపోర్టులన్నీ నా దాంట్లోకి కాపీ కొట్టెయ్. రేపు హెడ్డాఫీసు లిఖిత మేడం చూడను వస్తా ఉండాది” అని లేచాడు. వాకిలి దాకా పోయి వెనక్కి తిరిగాడు. “కేంద్రాలన్నిట్లో కంప్యూటర్లు చూసుకునే సిస్టమ్స్ ఇన్‌చార్జి పోస్టుకి పేరు చెప్పాల్సింది నేనే. తిరిగే ఉద్యోగం, మొగోళ్ళకైతే బాగుంటాది అనుకున్నా. సరే, నీ సంగతీ చూద్దాంలే.”

ఆ పోస్టు కావాలి తస్లీమాకు. నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు గానీ అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస. రిపోర్టులు కాపీ కొడితే చేసినవాళ్ళ పేరు కూడా మారిపోతుంది. నాలుగేళ్ల పనీ ఆయన చేసినట్టే ఉంటుంది. ఇక ఇన్‌చార్జి పని తనకు వచ్చని చూపించడానికి ఏం మిగులుతుంది?

ఆయన పోయాక, చూద్దామనిపించి తన బాక్సు తెరిచింది. పేజీ పెట్టిందే గానీ తన ఫైళ్లేమిటో ఎప్పుడూ చూసుకోలేదు. భర్త రియాజ్ బండి ఇన్సూరెన్సు. అత్త చాంద్‌బీ మోకాలి ఎక్స్‌రే. కొడుకు ఆసిఫ్ సైన్సు ప్రాజెక్టు. మేనేజరు వార్షిక నివేదిక. మేనేజరు కూతురు పుట్టినరోజు కార్డు, అదీ తనే చేసింది! కిందికి, ఇంకా కిందికి పోయింది. తన గురించిన కాగితం ఒక్కటైనా ఉంటుందేమోనని నాలుగేళ్ల వెనక్కి వెళ్ళింది. లేదు. భలే ఉందే, అనుకుంది. నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. ఒక్కటీ తన కోసం కాదు, కానీ అన్నీ తను చేసినవే.

సాయంత్రం ఇంట్లో రొట్టెలు కాలుస్తూ రియాజ్‌కు సంగతంతా చెప్పింది.

“కొట్టెయ్, నీ వేళ్ళేమన్నా అరిగిపోతాయా?” అన్నాడు భర్త, ఫోను మీంచి తల ఎత్తకుండా. “మేనేజరుతో పెట్టుకుని యాడికి పోతావు? ఆ పోస్టు వస్తే ఇంట్లో అమ్మను ఎవురు చూసుకుంటారు?”

“ముందు ఆ పెనం మీద చూడు, మాడతా ఉండాది” అంది చాంద్‌బీ.

తస్లీమా రొట్టె తిప్పింది. ఉన్నట్టుండి ఒక ఆలోచన తగిలింది. ఇంటికి కూడా ఇట్లాంటి పేజీ ఒకటి పెడితే? ఒక్కొక్కరూ లాగిన్ అయితే ఎవరి బాక్సులో ఏం కనపడుతుంది? బక్రీదుకు తను వండితే, వచ్చిన చుట్టాలంతా ‘చాంద్‌బీ చేతి బిర్యానీ’ అని లొట్టలేస్తారే, అది ఎవరి బాక్సులో పడుతుంది? ఆసిఫ్‌కు ప్రైజు వచ్చినరోజు “నాయన దగ్గరుండి చేయించినాడా?” అని టీచరు అడిగితే రియాజ్ మీసం దువ్వుకున్నాడే, అది? పోనీ అత్త బాక్సు? ఈ కాళ్ళు పడిపోకముందు ముప్పై ఏళ్లు ఈ పొయ్యి ముందే కూర్చుంది కదా, ఆమెది పొంగిపొర్లుతుంటుంది. దాన్ని తెరిచి చూసినవాళ్ళెవరు? తనైనా చూసిందా? రియాజ్ బాక్సులో ఏముంటుందా అని ఎంత ఆలోచించినా బండి తప్ప ఇంకేమీ తోచలేదు. ఆ రోజు మొదటిసారి ఆమెకు తన ఇల్లు కొత్తగా కనపడింది. తెలుసుకోవాలనిపించింది, అంతా, మొదట్నుంచీ.

మర్నాడు పదకొండుకు హెడ్డాఫీసు నుంచి లిఖిత వచ్చింది. చెప్పిన పని అయిందా అని పెంచలప్రసాద్ తస్లీమాను అడగలేదు. అట్లా అడిగే అవసరం నాలుగేళ్లలో ఆయనకు ఎప్పుడూ రాలేదు.

“మీ లాగిన్‌లో చూపించండి సార్” అంది లిఖిత.

దర్జాగా కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాడు. ‘నా ఫైళ్లు’ కింద ఒకటే ముక్క: ఇక్కడ ఇంకా ఏమీ లేదు.

“నెలనెలా మీరు పంపే రిపోర్టులేవి సార్?” లిఖిత వంగి చూసింది.

పెంచలప్రసాద్ తస్లీమా వైపు కొరకొరా చూసి, అంతలోనే నవ్వు పులుముకున్నాడు. “పేజీ తప్పు మేడం. నావన్నీ ఈ తస్లీమా దాంట్లో చూపిస్తా ఉండాది. నేర్చుకోకుండా చేసిన పని కదా, ఆడమనిషి, ఏమంటాం? రేపటికి సరిచేపిస్తా. అంతేనా తస్లీమా?”

లిఖిత కూడా తిరిగింది. “పేజీలో తప్పుందా తస్లీమా గారూ?”

ఉందంటే పోస్టు పోతుంది. లేదంటే ఈ మనిషి కింద ఉద్యోగమే ఉంటుందో లేదో. పక్కనున్న నీళ్ల సీసా తీసుకుని ఒక గుక్క తాగి, మూత బిగించి పెట్టింది.

“పేజీలో తప్పేం లేదు మేడం. ఎవురు చేసిన పని వాళ్ళకే చూపిస్తా ఉండాది.”