తెక్లా నాలుక

తెక్లా అచ్చును రెండు చేతులతో ఎత్తి బల్లకేసి కొట్టింది. మళ్ళీ కొట్టింది. చాక్లెట్ ముద్ద కదిలి గుంటల్లోకి సర్దుకుంది. లోపలి గాలి చిన్న చిన్న బుడగలై పైకి వచ్చి పగిలింది. మామూలుగా అచ్చుకు పది దెబ్బలు చాలు. ఈ రోజు చెయ్యి ఆగడం లేదు. పక్క గదిలో పొట్లాలు కట్టే ఆవిడ తొంగి చూసి, "దాని మీద ఏమిటే అంత పగ?" అని అడిగింది. తెక్లా ఇంకో అచ్చు అందుకుంది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. కోకో గింజలు వేయించే డ్రమ్ము తాకి కాలిన మచ్చలు ముంజేతుల నిండా ఉన్నాయి. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని తెల్లగా మెరుస్తున్నాయి. గోళ్ళ అంచుల్లో పట్టిన గోధుమరంగు ఏ సబ్బుకూ వదలదు. ఇరవై నాలుగో ఏట ఈ కార్ఖానాలో చేరింది. అప్పటినుంచీ పొద్దున్నే ఆరింటికి రావడం, గింజలు వేయించడం, పొట్టు ఎగరేయడం, రాతి రోలర్ల కింద చక్కెరతో కలిపి నూరడం, అచ్చు పోయడం. రైల్వేలో పనిచేసే ఒకతను రెండేళ్ళపాటు ఆదివారాలు ఆమె పక్కన నడిచాడు. తర్వాత సరగోసాకు బదిలీ అయి, ఉత్తరాలు తగ్గించి, ఆఖరికి మానేశాడు. తల్లి పోయాక ఇంట్లో ఒక్కతే. ఎక్కడా కుదురుగా ఉండదు. చర్చిలోనూ తలుపు దగ్గరే ఉండి, పాట పూర్తి కాకముందే బయటికి వచ్చేస్తుంది.

"తెక్లా, పదకొండింటికి వస్తారు. బ్రెడ్డు కాల్చావా? ఆలివ్‌లు కడిగావా?" అంటూ వచ్చింది మెరిచెల్. యజమాని బ్లాయ్ గారి కూతురు, నాలుగేళ్ళుగా కార్ఖానా ఆమే చూసుకుంటోంది.

"ఇది మూడోసారి అడగడం. ఇంకోసారి అడిగావంటే ఆ ఉప్పునీళ్ళు నీ నోట్లో పోస్తానమ్మాయ్."

మెరిచెల్ నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. బార్సిలోనా నుంచి పెద్ద దుకాణం వాళ్ళు వస్తున్నారు. క్రిస్మస్ పెట్టెలో పెట్టడానికి ఒక చాక్లెట్, ఒక చిన్న నూనె సీసా, ఒక డబ్బా ఆలివ్‌లు కావాలి వాళ్ళకు. మూడూ కలిపి తింటే నోట్లో తగవు పడకూడదు. ఇది కుదరకపోతే వసంతానికి కార్ఖానా మూసేయాలని మెరిచెల్ ఎవరికీ చెప్పలేదు. అయినా తెక్లాకు తెలుసు. కొత్త గింజల బస్తాలు రావడం మానేసి రెండు నెలలైంది.

బల్ల మీద రెండు నూనెలున్నాయి. ఒకటి కిందటేడాదిది. పసుపుపచ్చగా, తేటగా, చప్పగా ఉంటుంది. రెండోది ఈ వారమే రైతుల సంఘం మిల్లులో ఆడింది. చెట్టు మీద ఇంకా పచ్చిగా ఉన్న కాయల నూనె అది. చెరువు అడుగులా ఆకుపచ్చగా, కలకగా ఉంది. మెరిచెల్ మనసు పసుపుదాని మీదే ఉంది. "పట్నం వాళ్ళు. గొంతు మండితే పారిపోతారు," అంది. "అయినా నాన్న ఏమంటాడో కనుక్కో."

అదీ పద్ధతి. బ్లాయ్ గారు రుచి చూసి ఊ అనందే ఆ కార్ఖానాలోంచి ఏ సరుకూ గడప దాటలేదు. ఎనభై మూడేళ్ళ మనిషి. మూడు వారాలుగా మంచం మీదున్నా ఆ మర్యాద ఆయనదే.

తెక్లా పళ్ళెం పట్టుకుని మెట్లెక్కింది. కాల్చిన బ్రెడ్డు ముక్కలు, వాటి మీద చాక్లెట్, పైన కొన్నిటికి పసుపు నూనె, కొన్నిటికి పచ్చది, రెండేసి పలుకులు రాళ్ళ ఉప్పు. పక్కన నల్లగా ముడతలు పడ్డ ఎండు ఆలివ్‌లు. కిటికీ బయట నవంబరు మంచు గోడలా నిలబడి ఉంది. ఎదుటి ఇంటి బాల్కనీ కూడా కనబడటం లేదు.

ఎప్పటిలాగే ముందు తను ఒక్కో నూనెదీ ఒక ముక్క నోట్లో వేసుకుంది. విషం లేదని చూపించడానికన్నట్టు మొదలైన పాత హాస్యం అది. తర్వాత ఆయన పెదవులకూ అలాగే అందించింది. ఆయన నమిలాడు. చాలాసేపు నమిలాడు. కళ్ళు చిట్లించి ఆమె వైపే చూస్తున్నాడు.

"కిటికీ దగ్గరకు జరుగు," అన్నాడు. "ఇంకొంచెం. తల ఎత్తు."

"ఫొటో గానీ తీస్తారా ఏమిటి?"

"దీపం వెయ్యి."

వేసింది. ఆయన ఇంకా చిట్లించే చూశాడు. దిండు మీద తల అటూ ఇటూ కదిలింది.

"కనబడటం లేదు."

"ఏం కనబడటం లేదు?"

"నీ మొహం."

"నా మొహంతో మీకేం పని? ఏ నూనె బాగుందో చెప్పండి. అమ్మాయి కింద కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతోంది."

ఆయన నోట్లోది కష్టంగా మింగాడు. "నాకు రుచి పోయి తొమ్మిదేళ్ళయింది తెక్లా. ఆ చలికాలం జ్వరమొచ్చిందే, దాంతో పోయింది. ఏం పెట్టినా తడిపిన అట్టముక్కే."

తెక్లాకు ముందు అర్థం కాలేదు. "మరి ఇన్నాళ్ళూ?"

"నువ్వు ముందు తినేదానివి కదా. నిన్ను చూసి చెప్పేవాణ్ణి. బాగుంటే నీ ఎడమ కనుబొమ్మ లేస్తుంది. మాడితే ముక్కు బిగుస్తుంది. చక్కెర ఎక్కువైతే పెదవి నాక్కుంటావు. నీకు తెలీదు."

ఆమెకు నాలుగేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. ఒక వాయి మొత్తం ఆయన తిప్పి కొట్టాడు. అందరి ముందూ, "పొగ కంపు తెలీలేదా? నీది నాలుకా, చెప్పు తోలా?" అని అరిచాడు. ఆ పొగ ఆమెకు నోట్లో పెట్టుకున్న క్షణంలోనే తెలిసింది. తన మాట ఎవరు వింటారులే అని ఊరుకుంది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆ పెద్దమనిషి నాలుక ఎంత గొప్పదో అని ఆశ్చర్యపోయింది కూడా.

"ఆ రోజు నన్ను చెప్పు తోలన్నారు."

"అన్నాను."

"నా మొహం చూసే అన్నారు."

"అవును."

ఆమె పళ్ళెం అక్కడే వదిలేసి బయటికొచ్చింది. సగం మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తలుపు దాకా వెళ్ళి, లోపలికి పోకుండా మళ్ళీ దిగింది. కోపమో, సిగ్గో, ఇంకేదో. తొమ్మిదేళ్ళు. ఎన్ని వాయిలు, ఎన్ని తిట్లు. అన్నీ తన మొహంలోంచి తీసుకున్నవే.

"ఏమన్నాడు?" మెట్ల కిందే నిలబడి ఉంది మెరిచెల్.

ముసలాయన గుట్టు తెక్లా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించింది. "పచ్చది," అంది.

"నాన్న అన్నాడా?"

"నేనంటున్నాను."

"తెక్లా, నేనడిగింది నాన్న మాట."

"ఆయన మాట నీకు కావాలంటే పైకెళ్ళి అడుగు. నా మాట ఇది. నీ పసుపు నూనె ఈ చాక్లెట్ మీద మైనం పూసినట్టుంది. పచ్చది దాన్ని నిద్రలేపుతోంది. ముప్ఫై నాలుగేళ్ళలో నిన్నేదైనా అడిగానా?"

మెరిచెల్ రెండు సీసాలూ దగ్గరకు జరిపింది. వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. మాట్లాడకుండా రాసుకునే పొడుగాటి మనిషి ఒకడు, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆవిడ ఒకతె. మెరిచెల్ రెండు నూనెలూ పెట్టింది. తెక్లా పొయ్యి దగ్గర నిలబడి ఏప్రన్ అంచు మెలితిప్పుతూ ఉంది. పసుపుదానికి ఇద్దరూ తలలూపారు. పచ్చది నోట్లో పెట్టుకున్న ఆవిడ ఒక్క క్షణం కదల్లేదు. అంతలోనే దగ్గు అందుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. మెరిచెల్ నీళ్ళగ్లాసు కోసం పరిగెత్తింది.

"వద్దు వద్దు," అందావిడ చెయ్యి అడ్డం పెట్టి. ఒక నల్ల ఆలివ్ నోట్లో వేసుకుని, మరో ముక్క తీసుకుంది. "ఇది తిట్టి ముద్దు పెడుతోందండీ. ఎవరు కలిపారు దీన్ని?"

మెరిచెల్ ఒక్కసారి మేడ వైపు చూసింది. తర్వాత పొయ్యి వైపు తిరిగింది. "మా తెక్లా."

పొడుగాటి మనిషికి పసుపుదే నచ్చింది. ఇద్దరూ బల్ల దగ్గరే కాసేపు వాదించుకున్నారు. ఆఖరికి ఆవిడే గెలిచింది. సీసా మీద గొంతు మండుతుందని పెద్ద అక్షరాలతో రాయాలనే షరతు మీద పచ్చదే ఖాయమైంది.

వాళ్ళు వెళ్ళేసరికి మూడు దాటింది. తెక్లా బల్ల తుడిచింది, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. తర్వాత ఇంకో పళ్ళెం సర్ది మేడ మీదికి వెళ్ళింది.

"దగ్గారా?" అన్నాడు బ్లాయ్ గారు కళ్ళు తెరవకుండానే. గొంతు పొద్దుటికంటే సన్నగా ఉంది.

"ఆవిడ దగ్గింది. ఏడ్చింది కూడా."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వే అయ్యుండాలి. "పచ్చది పెట్టావన్నమాట. ఎలా ఉంది?"

"చెబితే మీకు తెలుస్తుందా?"

"మొహం కనబడదు కదా. నోటితో చెప్పు."

తెక్లా పీట లాక్కుని కూర్చుంది. ఒక చాక్లెట్ ముక్క విరిచి ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఆ చెయ్యి రోలు రాయిలా చల్లగా ఉంది. ఇంకో ముక్క మీద నూనె పోసి తన నోట్లో వేసుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. ఇలా ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. కళ్ళు మూసుకుంది.

"ముందు పచ్చగడ్డి," అంది. "కోసిన గడ్డి కాదు, తొక్కిన గడ్డి. చిన్నప్పుడు ఆలివ్ చెట్ల కింద వల పరిచి కాయలు దులిపేవాళ్ళం. అమ్మ వల మీద మోకాళ్ళతో పాక్కుంటూ ఆకులు ఏరేది. ఆ మోకాళ్ళ వాసన. తర్వాత చేదు. పచ్చి బాదం తొక్క కొరికితే ఎలా ఉంటుందో అలా. చాక్లెట్ కూడా చేదే, కానీ దీని చేదు వేరు, అది లోతుగా, ఇది పైపైన. రెండూ కొట్టుకుంటాయనుకుంటాం. కొట్టుకోవు. చక్కెర పలుకు ఒకటి పంటి కింద పడుతుంది, అప్పుడు రెండూ కలుస్తాయి." మింగింది. "మంట చివర్లో. గొంతులో, ఇక్కడ. ఉప్పు ఉందే, అది ఆ మంట పక్కన వచ్చి కూర్చుంటుంది. వింటున్నారా?"

జవాబు లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు. తెక్లాకు అర్థమైంది. కళ్ళు తెరవలేదు. ఇంకా కొంచెం మిగిలి ఉంది చెప్పడానికి. మంట తగ్గాక నోరంతా ఎలా శుభ్రపడుతుందో, ఇంకో ముక్క కావాలని ఎలా అనిపిస్తుందో మెల్లగా, ఆఖరిదాకా చెప్పింది. తర్వాత లేచి మెరిచెల్‌ను పిలిచింది.

డాక్టరు వచ్చి వెళ్ళాడు. పాదిరీకి కబురు పంపారు. మెరిచెల్ ఏడుస్తూనే తండ్రి చేతులు గుండెల మీద కలపబోయి, కుడి పిడికిలి విప్పింది. లోపలున్నది తీసి మంచం పక్కన చలువరాతి బల్ల మీద పెట్టింది. చాక్లెట్ ముక్క అలాగే ఉంది. ఒక్క మూల మాత్రం కాస్త మెత్తబడి, దాని మీద ఆయన బొటనవేలి గీతలు చక్కగా పడి గట్టిపడ్డాయి.