తిరిగి రావడానికి రుజువు

చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె తిప్పుతూనే ఆమె గొంతు మార్చింది. "చదువయ్యాక మీ దేశానికి తిరిగి వెళ్తారని నమ్మకమేంటి?"

రేపే భర్తకు స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూ. ఇంగ్లీషు బాగా వచ్చినది ఆమెకే కాబట్టి అధికారి వేషం ఆమెకే పడింది.

"నా భార్య ఇక్కడే ఉంటుంది సర్," సోఫాలో కాళ్లు చాపుకుని అప్పజెప్పాడు భర్త.

నిజానికి అతను వెళ్లబోయే యూనివర్సిటీలో ఇద్దరికీ సీటొచ్చింది. ముందొచ్చింది ఆమెకే. "ఇద్దరూ వెళ్తామంటే ఇక తిరిగి రారనుకుంటారు. ఒకరు ఇక్కడుంటే కేసు గట్టిగా ఉంటుంది," అన్నాడు ఆ మధ్య ఇంటికొచ్చిన వీసా కన్సల్టెంట్. ఆ ఒకరు ఎవరన్న చర్చే రాలేదు. అప్పుడామె టీ కప్పులు తీస్తోంది. అందరూ ఆమె వైపు చూశారంతే. చేతినిండా ఎంగిలి కప్పులున్న మనిషి ఎక్కడికి పోతుంది? "వాడు కుదురుకున్నాక నువ్వూ పోదువుగానిలే. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా," అంది అత్తగారు. మోకాళ్ల సంగతి ఆమెకు తెలుసు. ఆమె సంగతే ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ అధికారి గొంతుతోనే అడిగింది. "మీ భార్యకీ సీటొచ్చిందటగా. ఆవిడెందుకు వెళ్లడం లేదు?"

భర్త ఫోన్‌లోంచి తలెత్తాడు. "ఇది కన్సల్టెంట్ చెప్పిన ప్రశ్నల్లో లేదే."

"అడిగితే?"

"ఆవిడకి ఇంట్రెస్ట్ లేదు సర్. ఇల్లు దాటదు." నవ్వాడు. "ఎలా ఉంది?"

"అచ్చం నిజంలాగే ఉందిరా," మెచ్చుకుంది అత్తగారు.

ఏదో చురుక్కుమంది. ఆమె గభాలున ఇస్త్రీపెట్టె ఎత్తి చొక్కా చూసింది. చొక్కాకేం కాలేదు. కాలింది తన వేలు. ముందు చొక్కానే చూసుకున్నందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం భర్త మిఠాయి పొట్లంతో వచ్చాడు. "వీసా వచ్చేసింది. నువ్వు భలేదానివే, సరిగ్గా ఆ ప్రశ్నే అడిగాడు."

"ఏం చెప్పారు?"

"నీకు ఇంట్రెస్ట్ లేదన్నాను. వెంటనే నమ్మేశాడు."

ఆమె చేతిలోని మిఠాయిని తిరిగి పొట్లంలో పెట్టేసింది. తన ముఖమైనా చూడని ఆ అధికారి, ఒక్క మాటకే తన గురించి అంతా తెలుసుకున్నాడు.

బాల్కనీలోకి వెళ్లి కన్సల్టెంట్‌కి ఫోన్ చేసింది. "నా సీటు ఇంకా ఉందా అండీ?"

"ఉంది మేడమ్, వచ్చే సెమిస్టర్‌కి మార్పించుకోవచ్చు. కానీ మీవారు అక్కడే ఉంటారు కాబట్టి మీ కేసు కష్టం. మీ కోసం ఇక్కడ ఎదురుచూసేవాళ్లు ఉన్నారని చూపించాలి."

లోపల్నుంచి అత్తగారి కేక వినిపించింది. "ఏమే, ఎక్కడున్నావ్? వాడికి మంచినీళ్లైనా ఇచ్చావా?"

ఆమె కాలిన వేలిని పెదవులకి ఆనించుకుంది.

"మార్పించండి. పిలిచేవాళ్లయితే ఉన్నారు గానీ, ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరండీ. ఇంటర్వ్యూలో అడిగితే అదే చెప్తాను."