ఒక్క పూట అరువు

కూర్మనాథానికి ట్వంటే ఊళ్ళో పొలం ఉన్న సంగతి రంగూన్ బోటాటౌంగ్ రేవులో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు తనే చెప్పేవాడు. గంజాం నుంచి ఓడెక్కి వచ్చి, బస్తాలు మోసి, మేస్త్రీ అయి, చివరికి భూస్వామి అయినవాడు చెప్పుకోకుండా ఎలా ఉంటాడు? చెప్పుకోనిదల్లా ఒక్కటే, ఆ పొలం వడ్డీవ్యాపారి చెట్టియారు దగ్గర తాకట్టులో ఉందని. ఆ ఏడు కాలువకు గండిపడి చేలల్లోకి ఉప్పునీరు తిరిగింది. గింజ ఇంటికి రాలేదు.

ఆ ముక్క చెట్టియారుతో ఒప్పుకుంటే గొడవ లేకపోయేది. మన భూస్వామికి పరువొకటి ఉంది కదా. "పంట మా ఇంటి కొట్టులోనే ఉంది, ధర పెరిగాక అమ్మి కడతాను" అని దర్జాగా చెప్పివచ్చాడు. చెట్టియారు తల ఊపి, "రేపు వచ్చి చూస్తాను. ఉంటే వాయిదా పొడిగిస్తాను, లేకపోతే పొలం రాసిచ్చెయ్" అన్నాడు.

కొట్టు తలుపు తీస్తే ఎలుకలు కూడా లేవు. కూర్మనాథం వీధి ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాడు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే కూర్చోవాలనిపించింది. చివరికి ఎదురింటి తాయారమ్మ గుమ్మంలో ఆగాడు. భర్త పోయాక ఆవిడ వడ్లు కొని దంపించి, కూలీలుండే బారకాసులకు బియ్యం అమ్ముకుని బతుకుతోంది. ఏడాదికి సరిపడా వడ్లు ఆవిడ సావిట్లో బస్తాలుగా పేర్చి ఉన్నాయి.

"ఒక్క పూట, తాయారూ. సెట్టియారు సూసి ఎల్లిపోతాడు. ఆ ఎంటనే నీ బస్తాలు నీకొచ్చెత్తాయి."

"నా బతుకంతా అందులోనే ఉందన్నా."

"నాకు తెల్దేటి?"

తాయారమ్మ కాసేపు బస్తాల వైపు చూసింది. "నా పెనిమిటి పోయినప్పుడు అన్నీ నువ్వే సూసినావు. పట్టికెల్లు" అంది.

సాయంత్రానికి దండాసి ముఠావాళ్ళు బస్తాలన్నీ వీధి దాటించి కొట్టులోకి చేర్చారు. దండాసి ఒకప్పుడు కూర్మనాథం కింద పనిచేసినవాడే, అందుకని కూలి అడగలేదు.

మర్నాడు చెట్టియారు గొడుగు వేసుకుని వచ్చాడు. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు వడ్లు తీసి, ఒక గింజ కొరికి చూశాడు.

"మంచి గింజ" అన్నాడు.

కూర్మనాథం ఛాతీ విరుచుకున్నాడు. వాళ్ళూ వీళ్ళూ పండించిన గింజకు అంత పొంగిపోయినవాణ్ణి ఎక్కడా చూడం.

"ధర కోసం ఆగానన్నావుగా. నిన్ననే మిల్లువాళ్ళు పెంచారు. నా పడవ రేవులోనే ఉంది, ఎత్తించేద్దాం. ఇది వడ్డీ కింద జమ చేసుకుని, అసలుకు ఇంకో ఏడాది గడువిస్తాను. పొలానికి భయం లేదు."

కూర్మనాథం లెక్క వేసుకున్నాడు. నావి కావు అంటే పొలం పోతుంది, అబద్ధమూ బయటపడుతుంది. అనకపోతే తాయారమ్మ బతుకు పోతుంది.

బస్తాలు తిరిగి చేర్చాలని వచ్చి ముఠా ముందు నిలబడ్డ దండాసి ఆయన ముఖంలోకి చూశాడు. "ఎత్తీమంతారా బాబూ?"

కూర్మనాథం తల ఊపాడు. ఔనన్నట్టు కాదు, ఉండు ఆలోచిస్తున్నాను అన్నట్టు ఊపానని తర్వాత తనకు తనే చెప్పుకున్నాడు. ఆ ఊపు మాత్రం ఔనన్నట్టే ఉంది. దండాసి ఇంకొక్క క్షణం ఆగి, మొదటి బస్తా వీపు మీదికి తీసుకున్నాడు.

తాయారమ్మ గుమ్మంలోంచి చూసింది. కొంగు బిగించి వీధిలోకి దిగింది. అదే సమయానికి కూర్మనాథం చెయ్యెత్తి ఆగమన్నాడు. నేను చూసుకుంటాను అని ఆ చేతికి అర్థం. తాయారమ్మ నమ్మింది. వీధి మధ్యలో అలాగే నిలబడింది.

ఈ బస్తా వెళ్ళాక చెబుతాను అనుకున్నాడు. ఆ బస్తా వెళ్ళింది. చెట్టియారు పక్కనున్నవాడితో మాట ముగించాక చెబుదామనుకున్నాడు. ఆ మాటా ముగిసింది. తలపాగా విప్పాడు, చుట్టాడు, మళ్ళీ విప్పాడు. గొంతు దాకా వచ్చిన మాటను ట్వంటే పొలం వెనక్కి లాగేసేది. కొట్టు ఖాళీ అయ్యేదాకా అదే తంతు. పడవ రేవు వదిలింది. చెట్టియారు కాగితం మీద గడువు రాసిచ్చి, రిక్షా ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇంత పిరికివాణ్ణా నేను అని కూర్మనాథానికి ఏడుపొచ్చింది. పొలం నిలిచిందన్న సంతోషం కూడా లోపలెక్కడో ఉంది, దానికే ఎక్కువ సిగ్గేసింది.

తాయారమ్మ దగ్గరకు వచ్చింది. గొంతు పెంచలేదు.

"నువ్వు సెప్తావని సూసానన్నా" అంది.

తిట్టినా బాగుండేది. కూర్మనాథం గబగబా మాటలు పేర్చాడు. "వొచ్చే పంటకి గింజ తగ్గకండా ఇచ్చెత్తాను. పొలం నిలిచింది కదా తాయారూ, పొలం ఉంటే..."

"రేపు బారకాసోల్లు బియ్యానికొత్తారు. ఆల్లకేటి సెప్పను?"

కూర్మనాథం మళ్ళీ తలపాగా విప్పాడు.

"సెట్టియారు నీకు కాయితం రాసిచ్చినాడు. నాకేటుంది?"

నా మాట ఉంది కదా అనడానికి కూర్మనాథం నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. తాయారమ్మ దానికోసం కూడా కాసేపు చూసింది. చూసి, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.